“ప్రశ్న ఉత్పన్నం కాదు” – శాసనసభ ప్రశ్నోత్తరాల వెనుక కథ

పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన విషయం ఏదైనా వ్రాయమని మన సంఘం కార్యదర్శిగారు కోరారు. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పును గురించి నాకంటె బాగా వ్రాయగల పెద్దలు మనలో ఉన్నారు. కనుక నాకు చేతనైన విషయం ఎన్నుకున్నాను. 1975లో ఎల్.డి.సి.గా చేరి 2011లో పదవీ విరమణ చేసేవరకు నా సర్వీసులో అధిక భాగం వ్యవసాయానికి సంబంధించిన సెక్షన్లలోనే గడిచింది. శాసనసభ సమావేశాలు వచ్చాయంటే మిగతా ఫైళ్ళన్నీ పక్కకు పోయేవి. ఎల్.ఎ.క్యూ.లు, అనగా శాసనసభ్యుల ప్రశ్నలు, ముందుకు వచ్చేవి. మంత్రిగారు సభలో లేచి చదివే రెండు వాక్యాల సమాధానం ముందుగా మా బల్లల మీదనే పుట్టేది. ఆ సమాధానాల చరిత్రలో మనందరికీ పనికివచ్చే సంగతి ఒకటి ఉన్నది. అది చెప్పడానికే ఈ వ్యాసం.

ప్రశ్నించే హక్కు వచ్చిన తీరు

మంత్రులను సభలో ప్రశ్నించే ఆచారం బ్రిటిషు పార్లమెంటులో పుట్టింది. 1721లో ప్రభువుల సభలో కౌపర్ ప్రభువు అడిగినది రికార్డులకెక్కిన మొదటి ప్రశ్న అంటారు. సౌత్ సీ కంపెనీ కూలిపోయి వేలాదిమంది సొమ్ము మునిగిన రోజులవి. ఆ కంపెనీ క్యాషియరు దేశం విడిచి పారిపోయి పట్టుబడ్డాడని వినవస్తున్నది, నిజమేనా అని ఆయన అడిగాడు. మొట్టమొదటి ప్రశ్నే జనం డబ్బును గురించినదన్న మాట!

మన దేశంలో ఈ హక్కు అంత సులభంగా రాలేదు. 1854 నుంచి కలకత్తాలో పనిచేసిన శాసన మండలి చిన్న పార్లమెంటులాగా ప్రభుత్వాన్ని ప్రశ్నలడగడం మొదలుపెట్టింది. దొరలకు అది నచ్చలేదు. 1861 చట్టంతో ఆ తలుపు మూసేశారు. చట్టాలు చేయడానికి సలహా చెప్పండి, అంతకుమించి అడగవద్దు అన్నారు. ముప్పై ఏళ్ళ తరువాత 1892 చట్టం ఆ తలుపు కొద్దిగా తెరిచింది. సభ్యుడు ముందుగా నోటీసు ఇచ్చి ప్రశ్న అడగవచ్చు. కాని వచ్చిన సమాధానం మీద మరో ప్రశ్న వేయకూడదు. ఇచ్చినది పుచ్చుకుని కూర్చోవాలి. ఆ పరిమితి మధ్యనే రాజమహేంద్రవరం న్యాపతి సుబ్బారావు పంతులుగారి వంటి వారు 1890లలో మద్రాసు శాసన మండలిలో మన జిల్లాల తరఫున కూర్చున్నారు.

1909 సంస్కరణలతో, ప్రశ్న వేసిన సభ్యుడు మాత్రం అనుబంధ ప్రశ్న అడిగే వీలు కలిగింది. 1919 సంస్కరణల తరువాత సభలోని ఏ సభ్యుడైనా అడగవచ్చునన్నారు. ఈ అనుబంధ ప్రశ్న చిన్న విషయం కాదు. అసలు ప్రశ్నకు సమాధానం ఆఫీసులో తయారవుతుంది. అనుబంధ ప్రశ్నకు మాత్రం మంత్రి తనంతట తాను సమాధానం చెప్పుకోవాలి. ఆయనకు విషయం తెలుసునో లేదో అక్కడ బయటపడుతుంది.

1919 సంస్కరణలలో రైతుకు సంబంధించిన చమత్కారం ఒకటి ఉన్నది. వ్యవసాయ శాఖను ప్రజాప్రతినిధి అయిన మంత్రికి అప్పగించారు. భూమిశిస్తు, నీటిపారుదల మాత్రం గవర్నరు కింది ఎగ్జిక్యూటివ్ కౌన్సిలరు చేతిలోనే ఉంచుకున్నారు. విత్తనం సంగతి అడిగితే మంత్రి చెప్పాలి. కాలవ నీటి సంగతి, శిస్తు సంగతి అడిగితే మరొకరు చెప్పాలి. ఆయన సభకు బాధ్యుడు కాడు. 1920ల చివర కృష్ణా, గోదావరి డెల్టాలలో రీసెటిల్మెంటు పేరిట శిస్తు పెంపు వచ్చినప్పుడు రైతులు సభ బయట ఉద్యమం చేయవలసి రావడానికి ఇదీ ఒక కారణం. 1937లో రాష్ట్ర స్వపరిపాలన వచ్చిన తరువాతనే అన్ని శాఖలూ మంత్రుల కిందికి వచ్చాయి. ఆ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి మన టంగుటూరి ప్రకాశం పంతులుగారే. జమీందారీ రైతుల సమస్యలపై విచారణ సంఘానికి అధ్యక్షత వహించినదీ ఆయనే.

నైజాం ప్రాంతంలో ఈ అవకాశం మరీ ఆలస్యంగా వచ్చింది. ప్రజలు ఎన్నుకున్న శాసనసభ హైదరాబాదులో ఏర్పడినది 1952లోనే. బూర్గుల రామకృష్ణారావుగారు ముఖ్యమంత్రి. కౌలుదారు, పట్టాదారు, దేశముఖు అన్న మాటలు ఆ సభలో మంత్రి సమాధానం చెప్పవలసిన ప్రశ్నలయ్యాయి. అంతకు కొద్ది సంవత్సరాల క్రితం వరకు అవే మాటల మీద ఊళ్ళలో రక్తం పారిందని మరువరాదు.

రాజ్యాంగం వచ్చాక మంత్రివర్గం శాసనసభకు సమష్టిగా బాధ్యత వహించాలని 164వ అధికరణంలో వ్రాసుకున్నాము. ప్రశ్నోత్తరాల గంట అన్న మాట మాత్రం రాజ్యాంగంలో ఎక్కడా లేదు. అది సభలు తాము చేసుకున్న నియమావళిలో ఉన్నది. ఈ భేదం ఎందుకు ముఖ్యమో తరువాత చెబుతాను.

ఒక ప్రశ్న ప్రయాణం

మన కుటుంబాలలోని పిల్లలకు తెలియడం కోసం కొంచెం వివరిస్తాను. నక్షత్ర గుర్తు గల ప్రశ్నకు మంత్రి సభలో నోటితో సమాధానం చెప్పాలి. దానిపై అనుబంధ ప్రశ్నలు ఉంటాయి. నక్షత్ర గుర్తు లేని ప్రశ్నకు వ్రాతపూర్వక సమాధానం చాలు. అత్యవసరమైనదైతే స్వల్ప వ్యవధి ప్రశ్న. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు, 230 వ్రాతపూర్వక ప్రశ్నలు జాబితాకెక్కుతాయి. గంటలో నోటితో సమాధానం దొరికేవి సాధారణంగా నాలుగైదు. 1972 మార్చి 14న ఇరవైకి ఇరవై పూర్తి అయినవి. మళ్ళీ అలా జరగడానికి 2019 నవంబరు 27 దాకా ఆగవలసి వచ్చింది.

మన శాసనసభలో ప్రశ్న ఒక మూసలో ఉండేది. “(ఎ) ఫలానా జిల్లాలో ఫలానా పంట నష్టపోయిన మాట వాస్తవమేనా? (బి) అయినచో, ప్రభుత్వము తీసుకొనిన చర్యలేవి? (సి) నష్టపరిహారమెంత?” ఈ కాగితం సచివాలయం నుంచి శాఖాధిపతి కార్యాలయానికి, అక్కడి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి తాలూకా కచేరీకి దిగేది. “అసెంబ్లీ – అతి జరూరు” అన్న చీటీ దాని నుదుట ఉండేది. సమావేశాలు ముగిసేవరకు క్యాజువల్ లీవు అడగడానికి ఎవరికీ ధైర్యం ఉండేది కాదు. తాలూకా నుంచి ఫిర్కా రెవెన్యూ ఇన్‌స్పెక్టరుకు, తెలంగాణలో గిర్దావరుకు, చివరికి ఊళ్ళో కరణానికి లేదా పట్వారీకి చేరేది. ఆయన అడంగల్ తెరిచి, పట్వారీ అయితే పహాణీ తెరిచి, అంకె చెప్పేవాడు. ఆ అంకె వచ్చిన దారినే పైకి ఎక్కేది. ఒక్కొక్క మెట్టు దగ్గర కూడికలు జరిగి, మా బల్ల మీదికి వచ్చేసరికి రాష్ట్రం మొత్తం పట్టికగా మారేది.

ఆ పట్టికకు తోడు మరో కాగితం తయారుచేయాలి. సభ్యులు వేయగల అనుబంధ ప్రశ్నలన్నిటినీ మేమే ముందుగా ఊహించి, వాటి సమాధానాలు వ్రాసి మంత్రిగారి ఫైలులో పెట్టాలి. సభ జరుగుతున్నంతసేపు అధికారులు తమ గ్యాలరీలో కూర్చుని, ఊహించని ప్రశ్న వస్తే చీటీ వ్రాసి పంపేవారు. పుచ్చలపల్లి సుందరయ్యగారు, వావిలాల గోపాలకృష్ణయ్యగారు వంటి సభ్యులు చేతిలో అంకెలు పెట్టుకుని మాట్లాడేవారని నాకంటె ముందు తరం గుమాస్తాలు చెప్పేవారు. అటువంటి సభ్యుడు ప్రశ్న వేశాడంటే కింది నుంచి వచ్చిన కూడికలు రెండుసార్లు సరిచూసేవారట. సభలో సభ్యుడు గట్టివాడైతే ఊళ్ళో లెక్క కూడా గట్టిగా ఉంటుంది. ఈ సంబంధం బయటివారికి కనబడదు.

రెండు రకాల ‘నిల్’

ఇక ఈ వ్యాసం పేరుకు వద్దాము. ప్రశ్నలోని (ఎ) భాగానికి “లేదండి” అని సమాధానమైతే, (బి), (సి) భాగాలకు “ప్రశ్న ఉత్పన్నం కాదు” అని వ్రాస్తారు. తర్కం ప్రకారం ఇందులో తప్పు లేదు. పంటే నష్టపోనప్పుడు పరిహారం ప్రసక్తి ఎక్కడిది? అయితే ఆ “లేదండి” దేని మీద నిలబడి ఉన్నది? అసలు ప్రశ్న అదే.

నేను చేరిన కొత్తలో మా సెక్షన్ సూపరింటెండెంటుగారు ఒక పాఠం చెప్పారు. మొలకెత్తని విత్తనాల వలన నష్టపోయిన రైతుల వివరం కోరుతూ ప్రశ్న వచ్చింది. జిల్లాల నుంచి జవాబులు వచ్చాయి. ఒక జిల్లా నుంచి ఒక్క మాట వచ్చింది – ‘నిల్’. నేను పట్టికలో ఆ జిల్లాకు ఎదురుగా గీత పెట్టి ఫైలు పంపబోతుంటే ఆయన ఆపారు.

“చూడవయ్యా, నిల్ అనేది రెండు రకాలు. లెక్కపెడితే ఎవరూ దొరకకపోవడం ఒక నిల్. లెక్కపెట్టకపోవడం ఇంకో నిల్. కాగితం మీద రెండూ ఒక్కలాగే ఉంటాయి. ఇది ఏదో కనుక్కున్నావా?” అన్నారు.

కనుక్కోవడానికి ట్రంకుకాలు బుక్ చేసి ఆయనే మాట్లాడారు. “ఏమండీ, మీరు పంపిన నిల్ లెక్కించి పంపినదా, లెక్కించక పంపినదా?” అని అడిగారు. అవతలి వైపు కొంతసేపు మౌనం. మరి రెండు రోజులకు ఆ జిల్లా నుంచి కొత్త నివేదిక వచ్చింది. దానితోపాటు గ్రామాలవారీ రైతుల పేర్ల జాబితా కూడా జతపరిచారు. ఆ ప్రశ్న సభలో చర్చకు వచ్చే అవకాశం దొరకలేదు. గంట అయిపోయింది. సమాధానం సభా సమక్షంలో ఉంచినట్లు భావించారు. అయినా ఆ జాబితా ఫైలులో ఉండిపోయింది. ఫైలులో పేరు ఉన్న రైతును తరువాత ఎవరూ లేడనలేరు. ప్రశ్నోత్తరాల అసలు ప్రయోజనం నాకు ఆ రోజు అర్థమైనది. మంత్రిగారి సమాధానం వార్తలలో ఒక్క పూట ఉంటుంది. దానికోసం ఊళ్ళో జరిగిన లెక్క చాలాకాలం ఉంటుంది.

లెక్కపెట్టే మనిషి

1984లో ప్రభుత్వం కరణాలు, మునసబులు, పటేల్ పట్వారీల వ్యవస్థను రద్దు చేసింది. వంశపారంపర్యపు పెత్తనం పోవడం న్యాయమే. ఊళ్ళో ఆ పెత్తనం అనుభవించిన పేదవారికి ఆ సంగతి బాగా తెలుసు. మరుసటి సంవత్సరం తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆ సంధికాలంలో మా సెక్షన్‌లో కూర్చున్నవారికి వేరే కష్టం. అడంగల్ ఎవరు వ్రాయాలి, ఎవరి సంతకం చెల్లుతుంది అన్నది తేలక జవాబులు ఆలస్యమయ్యేవి. “సమాచారము సేకరించబడుచున్నది” అన్న వాక్యం మా చిత్తుప్రతులలో ఎక్కువైంది. 2020లో తెలంగాణ ప్రభుత్వం వి.ఆర్.ఓ.ల వ్యవస్థను రద్దు చేసింది. 2025లో మళ్ళీ గ్రామ పాలనాధికారులను నియమించింది. ఏ పేరుతోనైనా ఊళ్ళో లెక్కపెట్టే మనిషి ఒకడు ఉండక తప్పదని దీనివల్ల తేలుతున్నది.

లెక్కపెట్టే మనిషి ఉన్నా, ఎవరిని లెక్కలోకి తీసుకోవాలన్న చిక్కు మరొకటి. రైతుల ఆత్మహత్యల విషయంలో ఇది బాధాకరంగా కనబడింది. 2004లో మన ప్రభుత్వం జి.ఓ. 421 ఇచ్చింది. బాధిత కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి మరో 50 వేలు. మరణం వ్యవసాయ కారణాల వల్లనే అని ఆర్.డి.ఓ., డి.ఎస్.పి., వ్యవసాయ సహాయ సంచాలకులు ముగ్గురూ కలిసి తేల్చాలి. తేలినవే ‘అర్హమైన కేసులు’. అసెంబ్లీలో ప్రశ్న వస్తే ఆ అర్హమైన కేసుల సంఖ్య వచ్చేది. అదే విషయం పార్లమెంటులో అడిగితే జాతీయ నేర నమోదు సంస్థ లెక్క వచ్చేది. ఆ సంస్థ పోలీసు రికార్డుల ఆధారంగా 1995 నుంచి రైతులను వేరే వరుసలో చూపుతూ వచ్చింది. ఒకే ప్రశ్నకు రెండు సభలలో రెండు అంకెలు! ఎవరూ అబద్ధమాడలేదు. నిర్వచనం వేరు. మధ్యలో మిగిలిపోయినవాడు కౌలు రైతు. అప్పు ప్రైవేటుది, భూమి మరొకరిది, పాసుపుస్తకంలో పేరు లేదు. అతని ఇల్లాలు ఆఫీసుల చుట్టూ తిరిగినా లెక్కలోకి ఎక్కడం కష్టమయ్యేది.

ఇటీవలి సంవత్సరాలలో మన పాత వాక్యం పెద్ద సభలో రెండుసార్లు వార్తలకెక్కింది. 2020 సెప్టెంబరులో, లాక్‌డౌన్ సమయంలో ఇళ్ళకు నడిచిపోతూ మరణించిన వలస కూలీల సంఖ్య, వారి కుటుంబాలకు ఇచ్చిన పరిహారం చెప్పమని లోక్‌సభలో అడిగారు. అటువంటి లెక్క నిర్వహించడం లేదు, కనుక తక్కిన ప్రశ్న ఉత్పన్నం కాదు అని కార్మిక శాఖ వ్రాతపూర్వకంగా చెప్పింది. 2021 శీతాకాల సమావేశాలలో, వ్యవసాయ చట్టాలపై జరిగిన ఆందోళనలో మరణించిన రైతుల గురించి అడిగితే, వ్యవసాయ శాఖ దగ్గర ఆ రికార్డు లేదు, కనుక ప్రశ్న ఉత్పన్నం కాదు అన్నారు. నేను ఏ పార్టీ పక్షమూ కాదు. ఇటువంటి వాక్యాలు అన్ని పార్టీల ప్రభుత్వాలలోనూ గుమాస్తాలు వ్రాశారు. కాని మా సూపరింటెండెంటుగారు ఉంటే ఏ నిల్ అని తప్పక అడిగేవారు. లెక్కపెట్టి “లేదు” అంటే అది సమాధానం. లెక్కపెట్టలేదు కనుక ప్రశ్నే లేదంటే, చనిపోయినవాడు రెండోసారి చనిపోయినట్లే.

ప్రశ్న ఏమి చేయగలదు

ఒక ప్రశ్న ఎంతదూరం పోగలదో చూడాలంటే 1957 సంగతి గుర్తుచేసుకోవాలి. జీవిత బీమా సంస్థ హరిదాస్ ముంద్రా కంపెనీలలో సుమారు కోటీ ఇరవై నాలుగు లక్షల రూపాయలు పెట్టుబడి పెట్టింది. దానిమీద లోక్‌సభలో ప్రశ్న పడింది. మొదటి సమాధానం ముక్తసరిగా వచ్చింది. ఫిరోజ్ గాంధీ మొదలైన సభ్యులు విడిచిపెట్టలేదు. అప్పుడు స్పీకరు తిరుచానూరులో పుట్టిన మన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. వ్యవహారం చర్చకు వచ్చింది, జస్టిస్ చాగ్లా విచారణ జరిగింది, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. పాలసీదారుల సొమ్ముకు సభ కాపలా కాసింది.

అదే గంట నియమావళిలో మాత్రమే ఉన్నది కనుక తీసివేయడమూ సులభమే. 1962 చైనా యుద్ధకాలంలో, 1975 ఎమర్జెన్సీలో, 2020 సెప్టెంబరు సమావేశాలలో పార్లమెంటులో దాన్ని పక్కన పెట్టారు. చివరిసారి వ్రాతపూర్వక సమాధానాలు మాత్రం ఉంచారు. అధికారికంగా రద్దు కాని రోజుల్లో గొడవల వలన పోయిన గంటలకు లెక్కలేదు. ఇక ప్రశ్న అడగడానికే డబ్బు పుచ్చుకున్నారని 2005 డిసెంబరులో పదకొండుమంది ఎంపీలను బహిష్కరించారు. ప్రశ్నకు అంత విలువ ఉన్నది కనుకనే దాన్ని అమ్ముకోజూశారని నేను అనుకుంటాను.

మన ఉద్యోగులకు, ఉపాధ్యాయులకు మరో దారి కూడా ఉండేది. 1958లో ఏర్పడిన విధాన పరిషత్తులో పట్టభద్రుల, ఉపాధ్యాయుల సభ్యులు మన జీతాల, కరువు భత్యాల, పెన్షన్ల ప్రశ్నలు వేసేవారు. 1985లో అది రద్దయింది. 2007లో మళ్ళీ వచ్చింది. మధ్య ఇరవై రెండేళ్ళు ఆ కిటికీ మూసి ఉన్నది.

మనం చేయగలిగినది

మనలో చాలామంది ఈ సమాధానాలను తయారుచేసినవారే. ఇప్పుడు మన సమస్యలే ప్రశ్నలవుతున్నాయి. కరువు భత్యం బకాయిలు, వైద్య ఖర్చుల బిల్లులు, కుటుంబ పెన్షను. శాసనసభ్యులకు మన సంఘం వినతిపత్రాలు ఇచ్చేటప్పుడు నా అనుభవం నుంచి మూడు సూచనలు మనవి చేస్తున్నాను.

మొదటిది, “సమస్యలు పరిష్కరిస్తారా” అని అడిగించవద్దు. “పరిశీలనలో ఉన్నది” అని సమాధానం సిద్ధంగా ఉంటుంది. ఎన్ని బిల్లులు పెండింగులో ఉన్నాయి, ఏ తేదీ నుంచి, ఏ జిల్లాలో ఎన్ని అని అడిగించాలి. అంకె అడిగితే ఎవరో ఒకరు లెక్కపెట్టక తప్పదు.

రెండవది, “పరిశీలిస్తాము”, “విచారిస్తున్నాము” అని మంత్రి సభలో అంటే అది ఊరికే పోయే మాట కాదు. లోక్‌సభలో 1953 నుంచి ప్రభుత్వ హామీల కమిటీ ఉన్నది. అటువంటి మాటలను హామీలుగా వ్రాసుకుని, మూడు నెలల్లో నెరవేర్చారా లేదా అని చూస్తుంది. మన శాసనసభలకూ హామీల కమిటీలు ఉన్నాయి. సమాధానం వచ్చిన తేదీ వ్రాసుకుని వెంటపడాలి.

మూడవది, సమాచార హక్కు. 2005లో ఆ చట్టం చేసినప్పుడు, శాసనసభకు ఇవ్వక తప్పని సమాచారాన్ని సామాన్యుడికీ కాదనరాదని అందులో వ్రాశారు. సభ్యుడితో సమానంగా పౌరుడిని నిలబెట్టిన వాక్యమది. వ్యక్తిగత సమాచార రక్షణ పేరిట 2023లో చేసిన చట్టం ఆ వాక్యమున్న క్లాజును మార్చివేసింది. అయినా దరఖాస్తు పెట్టుకునే హక్కు మనకున్నది. పది రూపాయల దరఖాస్తుతో, సమాధానానికి ఆధారమైన జిల్లావారీ పట్టిక అడగవచ్చు.

సర్వీసులో ఉన్న మన పిల్లలకు కూడా ఒక మాట. మీ కంప్యూటరులో గడి ఖాళీగా ఉంటే సున్నా దానంతటదే పడుతుందని విన్నాను. ఆ సున్నా పంపే ముందు కింది ఆఫీసుకు ఒక్క ఫోను చేయండి. ఇప్పుడు ట్రంకుకాలు బుక్ చేసి కూర్చోనక్కరలేదు కదా!